పడి కొలత నుంచి వేలూరు ఫోరం దాకా

వినియోగదారుడు అన్న మాట మన వీధుల్లో పుట్టింది కాదు. ప్రభుత్వ ప్రకటనల్లోంచి, పత్రికల్లోంచి దిగి వచ్చింది. మా గుడియాత్తం బజారులో అంగడివాళ్ళు కొనవచ్చినవారిని గిరాకీ అనేవాళ్ళు. "పొద్దున్నుంచి ఒక్క గిరాకీ లేదు" అంటే కొనేవాళ్ళు రాలేదని. తమిళులు నుగర్వోర్ అంటున్నారు. అంటే అనుభవించేవారు. హిందీవారి ఉపభోక్తకూ ఇంచుమించు అదే అర్థం. రెండు భాషలవారూ కూడబలుక్కున్నట్టు ఇలా పిలవడం చూస్తే, కొన్న సరుకుతో పడే పాట్లు బాగా ఎరిగినవారే ఆ పేరు పెట్టారేమో అనిపిస్తుంది.

ఈ ఉద్యమ చరిత్ర రాసేవారు సాధారణంగా 1962 మార్చి 15వ తేదీతో ప్రారంభిస్తారు. ఆ రోజున అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ అక్కడి కాంగ్రెసుకు పంపిన సందేశంలో కొనేవారికి నాలుగు హక్కులున్నాయని చెప్పాడు. భద్రత, సమాచారం, ఎంపిక, తన మాట వినిపించుకోవడం. వీటిలో రెండవదాన్ని పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను. ఐతే కెన్నెడీతో కథ మొదలుపెట్టడం నాకు నచ్చదు. నేను నేత ఊరివాణ్ణి. నేతగాళ్ళతోనే మొదలుపెడతాను.

ఇంగ్లండులో లాంకషైర్ ప్రాంతాన రోచ్‌డేల్ అనే ఊరుంది. మరమగ్గాలు వచ్చి చేతిమగ్గం కూలి పడిపోయిన కాలమది. ఆ రోజుల్లో అక్కడ అంగడి పిండిలో పటిక కలిసేది, తూకంలో తరుగు సరేసరి. అప్పు ఉన్నవాడు ఆ అంగడి వదిలి మరో అంగడికి పోలేడు. 1844లో 28 మంది, నేతపనివాళ్ళూ తక్కిన చేతిపనులవాళ్ళూ కలిసి, తలకొక పౌను కూడబెట్టి, డిసెంబరు 21న టోడ్ లేన్ అనే సందులో తమ అంగడి తాము తెరిచారు. పెట్టిన సరుకు చూస్తే నవ్వొస్తుంది. కాస్త వెన్న, చక్కెర, పిండి, ఓట్ల పిండి, కొవ్వొత్తులు. నియమాలు మాత్రం గట్టివి. కల్తీ ఉండదు, తూకం సరిగ్గా ఉంటుంది, లాభం ఎవరు ఎంత కొన్నారో దాన్నిబట్టి వాళ్ళకే తిరిగి వస్తుంది. కొనేవాడు ఒంటరిగా ఉంటే గిరాకీ, పదిమందితో కలిస్తే సంఘం అన్న సంగతి ఆ సందులో తేలింది.

ఆ గాలి మన రాజధానికి రావడానికి అరవై ఏళ్ళు పట్టింది. 1904లో చెన్నపట్నం తిరువళ్ళిక్కేణిలో ట్రిప్లికేన్ అర్బన్ కోఆపరేటివ్ సొసైటీ మొదలైంది. మన దేశంలో కొనేవారి సహకార సంఘాలకు అదే పెద్దక్క. గుడియాత్తం లాంటి నేత ఊళ్ళలో మాత్రం సహకారం మరో దారి పట్టింది. 1935లో కోఆప్టెక్స్ వచ్చింది, నేత సహకార సంఘాలు వచ్చాయి. అవన్నీ నేసిన గుడ్డ అమ్మిపెట్టడానికి. అంటే మన నేతగాడు అమ్మేవాడుగా సంఘటితమయ్యాడు గానీ, కొనేవాడుగా కాలేదు. నూలు కొనేటప్పుడు, రంగు కొనేటప్పుడు, బియ్యం కొనేటప్పుడు ఒంటరివాడే. రోచ్‌డేల్‌కూ మనకూ తేడా ఇక్కడే వచ్చిందని నా అభిప్రాయం.

తూకాల సంగతి కొంచెం చెప్పాలి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో తూనికలకూ కొలతలకూ పౌతవాధ్యక్షుడనే అధికారి ఉంటాడు. తూకపు రాళ్ళు ఇనుముతోనో, మగధ, మేకల ప్రాంతాల రాతితోనో చేయాలని నియమం. తడిసినా ఎండినా బరువు మారని పదార్థం కావాలట. ఇంత పాత విద్య ఉండీ, మన జిల్లాల్లో పడి అంటే ఒక ఊరికీ మరో ఊరికీ ఒకటి కాదు. కుప్పపోసి కొలిచిన పడి వేరు, పైన చేత్తో చదును చేసి కొలిచిన పడి వేరు. మా అవ్వ దగ్గర ఒక ఇత్తడి పడి ఉండేది. అంగడి బియ్యం ఇంటికి రాగానే దానితో మళ్ళీ కొలిచిగాని కుండలో పోసేది కాదు. తరుగు వస్తే తిట్టేది, మరుసటి వారం మళ్ళీ అదే అంగడికి పంపేది. ఎందుకంటే ఖాతా అక్కడే ఉంది!

వీశ అంటే 120 తులాలు, సుమారు ఒక కిలో 400 గ్రాములు. ఎనిమిది వీశలు మణుగు. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చి, 1958 అక్టోబరు 1 నుంచి విడతలవారీగా కిలోలు అమలయ్యాయి. ఇది గొప్ప సంస్కరణ. దేశమంతటా ఒకే రాయి. కాని ఆ మార్పు కాలంలో వీశ లెక్కకు అలవాటుపడ్డ ముసలివాళ్ళకు కిలో ధర న్యాయమో కాదో పోల్చుకోవడం కష్టమైంది. లెక్క తెలిసిన మనవడో మనవరాలో ఉన్న ఇల్లు బతికింది. హక్కు ముందు రావడం, అది అర్థం చేసి చెప్పేవాడు తర్వాత రావడం, లేదా రాకపోవడం ఈ చరిత్రలో మొదటినుంచీ ఉన్నదే.

దేశంలో సంఘాలు పుట్టిన క్రమం క్లుప్తంగా చెబుతాను. కల్తీ మీద మద్రాసు రాష్ట్రంలో 1918లోనే ఒక చట్టం ఉంది, దేశమంతటికీ 1954లో వచ్చింది. 1966లో బొంబాయిలో కొందరు స్త్రీలు కన్స్యూమర్ గైడెన్స్ సొసైటీ పెట్టారు. మన తెలుగు గడ్డ మీద 1973లో విశాఖ కన్స్యూమర్స్ కౌన్సిల్ ఏర్పడింది. అహమ్మదాబాదులో 1978లో పరిశోధనకూ విద్యకూ ఒక కేంద్రం, మద్రాసులో 1985లో కన్స్యూమర్ యాక్షన్ గ్రూపు వచ్చాయి. 1985 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి మార్గదర్శకాలు ఆమోదించింది. మరుసటి ఏడు డిసెంబరు 24న మన వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. అందుకే ఏటా ఆ తేదీన జాతీయ వినియోగదారుల దినం జరుపుతారు.

ఆ చట్టం నిజంగా కొత్తరకం. జిల్లాకొక ఫోరం, అందులో ఒక అధ్యక్షుడు, ఇద్దరు సభ్యులు, వారిలో ఒకరు తప్పనిసరిగా స్త్రీ. వకీలు అక్కరలేదు. తెల్లకాగితం మీద రాసి ఇస్తే చాలు. మొదట్లో రుసుము కూడా లేదు. లక్ష రూపాయల లోపు తగాదా జిల్లాలోనే తేలాలి, అదీ మూడు నెలల్లో. కాగితం మీద ఇంత చక్కగా ఉన్నా ఫోరాలు వెంటనే రాలేదు. కామన్ కాజ్ అనే సంస్థ, హెచ్.డి. శౌరీ గారు నడిపినది, సుప్రీంకోర్టుకెక్కి ఒత్తిడి తెస్తేగాని చాలా రాష్ట్రాలు కదలలేదు. ఫోరాలు వచ్చాక మూడు నెలల గడువు ఎంతమందికి దక్కిందో, అందులో వాయిదాలకు తిరిగినవారికే తెలుసు.

వేలూరులో ఫోరం వచ్చాక మన ప్రాంతపు తెలుగువారికి అసలు చిక్కు ఎదురైంది. తెల్లకాగితం చాలు, నిజమే. కాని దాని మీద ఏ భాషలో రాయాలి? వేలూరులో తమిళమో ఇంగ్లీషో. ఇంట్లో తెలుగు మాట్లాడి, తమిళం మాట్లాడగలిగీ రాయలేనివారు పాత తరంలో కొల్లలు.

మనవాళ్ళ తరఫున అర్జీలు రాసిపెట్టిన ఒక తెలుగు ఉపాధ్యాయుణ్ణి నేనెరుగుదును. ఇప్పుడు లేరు. పేరు ప్రకటించుకోవడం ఆయనకు గిట్టేది కాదు గనక నేనూ రాయను. ఆదివారం పొద్దున ఆయన ఇంటి అరుగు మీద ముగ్గురు నలుగురు కూర్చుని ఉండేవాళ్ళు. ఆయన మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"బిల్లుందా?"

"లేదు సార్. బిల్లేస్తే ఎక్కువవుతుందన్నారు."

సగం అర్జీలు అక్కడే ఆగిపోయేవి. మిగతా సగంలో ఆయనకు వేరే పని పడేది. వచ్చినామె "నన్ను నమ్మించి మోసం చేసినారు సార్" అంటుంది. చట్టానికి మోసం అన్న మాట పనికిరాదు, సరుకులో లోపమో సేవలో లోపమో కావాలి. ఏ తేదీన కొన్నారు, ఎప్పుడు చెడిపోయింది, ఎన్నిసార్లు అడిగారు, వాళ్ళేమన్నారు. కన్నీళ్ళతో వచ్చిన కథను తెలుగులో విని, మనసులో చట్టంగా మార్చి, తమిళంలో కాగితం మీద పెట్టేవారు. అది చదివి వినిపించినప్పుడు, "ఇది నా మాటేనా సార్?" అని ఒక పెద్దావిడ అడగడం నేను విన్నాను. ఢిల్లీలో చట్టం చేసినవారు ఈ పని ఎవరు చేస్తారని ఆలోచించినట్టు లేదు. ఉద్యమం అంటే ఊరేగింపులూ వార్షికోత్సవాలూ అనుకుంటాం గానీ, మా వైపు అది నిలబడింది ఇలాంటి అరుగుల మీదే.

అలా వచ్చిన వ్యవహారాల్లో ఒకటి చెప్పాలి. మా వీధిలో ఒక నేతగాడు, సొంత మగ్గం మీద లుంగీలు నేసేవాడు, 1990ల నడుమ రంగు నూలు కొన్నాడు. పడుగూ పేకా వేసి నేశాడు. తొలి ఉతుకుకే ఎరుపు దిగి తెలుపు చారల్లోకి పాకింది. సరుకంతా వాపసు వచ్చింది. నూలు అమ్మిన వ్యాపారి, "నువ్వు సొంతానికి కొన్నావా? నేసి అమ్ముకోవడానికి కొన్నావు. నీకూ ఆ చట్టానికీ సంబంధం లేదు" అన్నాడు. మొదటి చట్టం ప్రకారం ఆ వాదనకు బలముంది. తిరిగి అమ్మడానికో వాణిజ్యానికో కొన్నవాడు వినియోగదారుడు కాడు. ఐతే 1993 సవరణలో ఒక వివరణ చేరింది. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి మాత్రమే కొని తాను వాడుకునేది వాణిజ్యం కిందికి రాదని. అర్జీ మొదటి వాక్యంలోనే మా మాస్టారు ఆ మాటలు రాసిపెట్టారు. నోటీసు అందాక వ్యాపారి రాజీకి వచ్చి నూలు ఖరీదు ఇచ్చేశాడు. రెండు వారాల నేత కూలి, ఆ ఇంటి ఆడవాళ్ళు కండెలు చుట్టిన కూలి మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఈ గీత ఎక్కడ గీయాలన్నది ఇంకా పెద్ద కోర్టులో తేలింది. కోయంబత్తూరు పి.ఎస్.జి. సంస్థ తయారుచేసిన యంత్రం గురించి లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ వేసిన కేసులో 1995 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. టైపు మిషను కొని తానే టైపు చేసి బతికేవాడు, ఆటో కొని తానే నడుపుకునేవాడు వినియోగదారుడే. పెద్ద యంత్రం కొని పదిమందిని పెట్టి నడిపేవాడు కాడు. ఆ కేసు వేసిన సంస్థ ఓడింది, కాని ఆ తీర్పులోని ఉదాహరణలు దేశమంతటా చేతిపనివాళ్ళకు పనికొచ్చాయి. ఒక మగ్గం ఉన్నవాడు ఇవతలి గట్టున, ఇరవై మగ్గాల షావుకారు అవతలి గట్టున. నాకిది న్యాయంగానే తోస్తుంది.

ఇక ఆ రెండవ హక్కు, సమాచారం. 1977లో పొట్లాల సరుకుల నియమాలు వచ్చాయి. తయారుచేసినవారి పేరు, నికర బరువు, నెల, సంవత్సరం, ధర పొట్లం మీద అచ్చు వేయాలి. 1990లో మరో మంచి సవరణ వచ్చి, పన్నులన్నీ కలుపుకొని గరిష్ఠ చిల్లర ధర వేయడం తప్పనిసరి చేశారు. అంతకుముందు 'స్థానిక పన్నులు అదనం' అని వేసేవారు. ఆ అదనం ఎంతో అంగడివాడి నోటిలో ఉండేది. ఐతే ఈ వివరాలన్నీ ఏ భాషలో ఉండాలి? దేవనాగరి లిపిలో హిందీ, లేదా ఇంగ్లీషు. వేరే భాషలో కూడా వేసుకోవచ్చు, కాని వేయాలన్న నిర్బంధం లేదు. 2011లో కొత్త నియమాలు వచ్చినా ఈ ఏర్పాటు మారలేదు. ఇది కేవలం మన అల్పసంఖ్యాకుల బాధ అనుకోకండి. ఈ విషయంలో వేలూరు తమిళుడికీ, చిత్తూరు తెలుగువాడికీ, మనకూ ఒకటే గతి. మనకు కావలసినది ఇక్కడ అధికసంఖ్యాకులకూ లేకపోవడం ఒక విధమైన సమానత్వమే!

2006 తమిళ బోధన చట్టం తర్వాత మన పిల్లల్లో తెలుగు చదివేవారు తగ్గుతున్నారు గనక, రేపు తెలుగు అచ్చు వేసినా చదివేదెవరని ఒక మిత్రుడు నన్నడిగాడు. అది మరో వ్యాసానికి విషయం.

మా ఊరి అగ్గిపెట్టె కూడా ఈ చరిత్రలోదే. గుడియాత్తంలో లుంగీల తర్వాత బీడీలు, అగ్గిపుల్లలు పెద్ద పని. 2007లో పెట్టె ధర అర్ధరూపాయి నుంచి రూపాయి అయింది. ఆ తర్వాత పద్నాలుగేళ్ళు అక్కడే నిలిచింది. 2021లో శివకాశిలో ఉత్పత్తిదారుల సంఘాలు కూడి, డిసెంబరు 1 నుంచి రెండు రూపాయలన్నారు. అందుకు బదులుగా పుల్లలు 36 నుంచి 50కి పెంచారు. మిగతా వస్తువుల సంగతి మనకు తెలియనిది కాదు. ధర అదే ఉంటుంది, లోపలిది తగ్గుతుంది. బరువు చదివినవాడికే ఆ తగ్గుదల కనబడుతుంది.

వేలూరు అనగానే బయటివారికి తట్టేది వైద్యం. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల ఊరి స్వరూపాన్నే మార్చింది. చిత్తూరు నుంచే గాక దూరపు జిల్లాల నుంచీ తెలుగువారు వస్తారు. వైద్యం కూడా కొనుక్కున్న సేవేనా అన్న ప్రశ్న మీద 1994లో మద్రాసు హైకోర్టు కాదంది. 1995 నవంబరు 13న వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు ఔనంది. అందరికీ ఉచితంగా చేసే ఆసుపత్రి ఈ చట్టం కిందికి రాదు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసేచోట ఆ ఉచిత రోగికీ హక్కుంటుంది. ఈ చివరి మాట నాకు చాలా గొప్పగా కనబడింది, బీదవాణ్ణి దయకు వదిలేయలేదు గనక. 2008లో సమీరా కోహ్లీ కేసులో, రోగికి తగినంత వివరం చెప్పి తీసుకున్న సమ్మతే సమ్మతి అని సుప్రీంకోర్టు చెప్పింది. ఏ ఊళ్ళోనైనా తనకు రాని భాషలో ఉన్న కాగితం మీద వేలిముద్ర వేసే రోగికి ఆ తీర్పు అందాలంటే, పక్కన చదివి చెప్పే మనిషి కావాలి. మళ్ళీ ఆ అరుగు మాస్టారే!

ఇంతకూ మా జిల్లాలో జరిగిన అతి పెద్ద పోరాటం ఈ చట్టం గడపలోకే రాలేదు. పాలారు నీళ్ళు. ఆంబూరు, వాణియంబాడి, పేర్నంబట్టు, రాణిపేట తోళ్ళ కర్మాగారాల మురుగు నదిలోకీ పొలాల్లోకీ పారి బావులు చెడిపోయాయి. కిలో తోలు శుద్ధికి 35 లీటర్ల నీళ్ళు ఖర్చవుతాయని, సుమారు 35,000 హెక్టార్ల భూమి కొంతగానో పూర్తిగానో సాగుకు పనికిరాకుండా పోయిందని కోర్టు తీర్పులోనే ఉంది. సరుకు చెడితే కొన్నవాడు ఫోరానికి పోతాడు. తన బావి నీళ్ళు తాగేవాడు ఎవరికీ డబ్బివ్వలేదు, కాబట్టి చట్టం దృష్టిలో అతడు వినియోగదారుడు కాడు. అందుకే వెల్లూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం 1991లో నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1996 ఆగస్టు 28న జస్టిస్ కుల్దీప్ సింగ్ ధర్మాసనం తీర్పిచ్చింది. కలుషితం చేసినవాడే నష్టం భరించాలని, హాని రుజువయ్యేదాకా ఆగకుండా ముందే జాగ్రత్తపడాలని చెప్పిన ఆ తీర్పును ఇప్పుడు దేశమంతటా న్యాయశాస్త్ర విద్యార్థులు మన ఊరి పేరుతోనే చదువుతున్నారు. కర్మాగారానికి పదివేల రూపాయల చొప్పున జరిమానా వేశారు.

తర్వాత కథ అంత వేగంగా సాగలేదు. నష్టపరిహారం తేల్చే సంస్థ 2001లో 29,193 మందికి సుమారు 26 కోట్ల 82 లక్షలు నిర్ణయించింది. తలకు పంచి చూస్తే పదివేలలోపే. అదీ అందరికీ సరిగా అందక, 2025 జనవరి 30న సుప్రీంకోర్టు మరోసారి, మిగిలిన పరిహారం ఆరు వారాల్లో ఇవ్వాలని, ఒక విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తి ఆధ్వర్యంలో సంఘం వేయాలని ఆదేశించింది. కేసు వేసిన నాటి పిల్లలు ఇప్పుడు ఆ బావుల యజమానులు.

2019లో పాత చట్టం పోయి కొత్తది వచ్చింది, 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. ఫోరాన్ని ఇప్పుడు కమిషన్ అంటున్నారు. 2003లో మొదలైన రుసుము అయిదు లక్షల లోపు వ్యవహారాలకు తీసివేశారు. వీటన్నిటికన్నా మన సరిహద్దువారికి అక్కరకొచ్చే మార్పు ఒకటుంది, పత్రికలు దాన్ని అంతగా పట్టించుకోలేదు. మునుపు అమ్మినవాడు ఉన్నచోటో, వ్యవహారం జరిగినచోటో అర్జీ వేయాలి. 1911లో చిత్తూరు జిల్లా విడిపోయాక కూడా మనవాళ్ళ పెళ్ళి బట్టలూ, నగలూ, నూలూ ఈ గీతకు అటూ ఇటూ కొంటూనే ఉన్నారు. పలమనేరువాడు వేలూరులో ఫ్రిజ్ కొంటే వేలూరుకు, గుడియాత్తంవాడు చిత్తూరులో మోటారు కొంటే చిత్తూరుకు వాయిదాలకు తిరగాల్సి వచ్చేది. ఇప్పుడు కొన్నవాడు తానున్న జిల్లాలోనే వేయవచ్చు. బిల్లు ఒక రాష్ట్రానిది, అర్జీ ఇంకో రాష్ట్రానిది.

అర్జీ వేయకముందే సలహా కావాలంటే జాతీయ సహాయ కేంద్రం ఉంది. ఫోను నంబరు 1915. పదిహేడు భాషల్లో పలుకుతారు, వాటిలో తెలుగూ తమిళమూ రెండూ ఉన్నాయి. గుడియాత్తం నుంచి చేసినా తెలుగు అడిగి మాట్లాడవచ్చు. ఫోను పెట్టేలోపు వాళ్ళిచ్చే ఫిర్యాదు సంఖ్య రాసుకోండి. చేయబోయే ముందు బిల్లు మాత్రం చేతిలో పెట్టుకోండి, వాళ్ళూ మొదట అదే అడుగుతారు.